బేస్‌మెంటులోకి వచ్చిన చలికాలపు చుట్టాలు

ఈ పేజీలో మామూలుగా బ్లడ్ ప్రెషరు, షుగరు, పిల్లల టీకాలు మొదలైన వాటి గురించి వ్రాస్తూ ఉంటాము. ఈ నెల మాత్రం మనుషుల వైద్యం కాస్త పక్కన పెట్టి వేరొక ప్రాణి సంగతి వ్రాయవలసి వస్తున్నది. కారణం ఏమంటే, ఆకులు రాలడం మొదలైనప్పటి నుంచీ మన సభ్యుల ఇళ్ల నుంచి మాకు వస్తున్న ఫోన్లలో సగం జలుబుల గురించి, సగం బేస్‌మెంటుల గురించి.

"డాక్టరు గారూ, సంపు పంపు దగ్గర నల్లగా, పసుపుపచ్చ చుక్కలతో బల్లి లాంటిది ఒకటి పాకుతోంది. విషమా? పిల్లలు కిందికి దిగమంటే దిగడం లేదు" అని ఒకరు. "పురుగుల మందు కొట్టేవాళ్లను పిలిచాము, ఎల్లుండి వస్తారు, ఈలోగా ఏం చెయ్యమంటారు?" అని ఇంకొకరు. ఈ మధ్యే ఇండియా నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ అయితే, "నాయనా, అది నా కుడిపాదం మీదుగా పోయింది. పంచాంగంలో ఫలితం చూసి చెప్పు" అన్నారు.

ముందు ఆవిడకు జవాబు. పంచాంగంలోని పట్టిక బల్లికీ, తొండకీ వర్తిస్తుంది. ఇది ఆ రెండూ కాదు. దీని పేరు సాలమాండరు. చూపుకు బల్లిలా ఉన్నా, చుట్టరికం కప్పతో. ఇంటర్మీడియెట్‌లో బై.పి.సి. చదివినవారికి ఉభయచరాల పాఠం గుర్తుండే ఉంటుంది. ఆ కుటుంబమే ఇది. బల్లికి పొడి చర్మం, పొలుసులు, వేళ్లకు గోళ్లు ఉంటాయి. దీనికి తడి చర్మం, పొలుసులు లేవు, గోళ్లు లేవు. మన తెలుగులో దీనికంటూ ఒక పేరు వాడుకలో లేదు. ఉండవలసిన అవసరమూ రాలేదు. భారతదేశం మొత్తం మీద డార్జిలింగ్, సిక్కిం మొదలైన ఈశాన్యపు కొండలలో తప్ప సాలమాండరు లేదు. గోదావరి, కృష్ణా తీరాలలో పెరిగినవాళ్లం దాన్ని చూసి బల్లి అనో నలికండ్లపాము అనో అనుకోవడంలో వింత లేదు. కాబట్టి ఆ పెద్దావిడకు దోషం లేదు, శాంతి అవసరం లేదు. శాంతి కావలసినది ఆ ప్రాణికే.

అమెరికా తూర్పు రాష్ట్రాలలో మన బేస్‌మెంటులలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది చుక్కల సాలమాండరు. ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొడవు, నల్లని ఒళ్లు, వీపు మీద రెండు వరుసల పసుపుపచ్చ చుక్కలు. ఇది 20 ఏళ్లకు పైగా బతకగలదు. రెండవది ఎర్రవీపు సాలమాండరు. మూడు నాలుగు అంగుళాలు మించదు, వీపు మీద ఇటుకరంగు చార ఉంటుంది. దీనికి ఊపిరితిత్తులే లేవు. కావలసిన ఆక్సిజనంతా చర్మం నుంచీ, నోటి లోపలి పొర నుంచీ తీసుకుంటుంది. ఆ చర్మం తడిగా ఉన్నంతసేపే శ్వాస. ఎండిపోతే ఊపిరి ఆగిపోయినట్లే. చుక్కలదానికి ఊపిరితిత్తులు ఉన్నా, చర్మం తడిగా ఉండడం దానికీ అంతే అవసరం.

ఇవి మన ఇళ్లకు ఎందుకు వస్తాయి? కావాలని రావు. చుక్కల సాలమాండరు ఏడాదిలో ఎక్కువ భాగం భూమి లోపల, ఎలకలూ చుంచులూ తవ్వి వదిలేసిన కన్నాలలో గడుపుతుంది. ఈ దేశంలో కొన్ని కప్పలు ఒళ్లు గడ్డకట్టినా వసంతంలో మళ్లీ లేచి గెంతుతాయి. ఈ సాలమాండరుకు ఆ శక్తి లేదు, గడ్డకడితే చనిపోతుంది. అందుచేత చలి ముదరకముందే మంచు తగలనంత లోతుకు దిగిపోవాలి. అక్టోబరు, నవంబరు వర్షాల రాత్రులలో ఆ లోతు కోసం వెతుక్కుంటూ గోడల వెంబడి పాకుతుంది. మన ఇళ్ల పునాది దానికి మంచి లోతైన బొరియలాగే కనిపిస్తుంది. బేస్‌మెంటు కిటికీల ముందు రేకు బిగించి ఉంచే గుంటలలో, అంటే విండో వెల్స్‌లో పడుతుంది. ఆ నున్నటి రేకు ఎక్కలేదు. పునాదిలో పగులో, సంపు గొట్టమో, కిటికీ చట్రం కింద సందో దొరికితే లోపలికి వస్తుంది.

లోపలికి వచ్చాక కష్టాలు మొదలవుతాయి. మనకు హాయిగా ఉండాలని ఒక మూల ఫర్నెసు, ఇంకొక మూల డీహ్యూమిడిఫయరు నడుపుతుంటాము. ఆ పొడిగాలిలో దాని చర్మం ఎండిపోతుంది. డ్రయ్యరు నుంచి రాలిన నూలుపీచు, దుమ్ము దాని ఒంటికి అతుక్కుంటాయి. గది వెచ్చగా ఉండడం వల్ల దాని ఒంట్లో జీవక్రియ వేగంగా నడుస్తుంది, కానీ తినడానికి అక్కడ వానపాములు లేవు. శరదృతువులో కూడబెట్టుకున్న కొవ్వంతా కరిగిపోతుంది. మార్చి వరకు రావలసిన నిలవ జనవరికే అయిపోతుంది.

ఇక్కడే మేము ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఉంది. చలికాలంలో ఒక ప్రాణి కష్టంలో కనిపిస్తే మనకు తోచే సాయం వెచ్చదనం, తిండి, కాస్త ముద్దు. మనుషులకు అది సరే. సాలమాండరుకు ఆ మూడూ హాని. దానికి కావలసినవి చలి, తడి, చీకటి. చలి అంటే గడ్డకట్టే చలి కాదు, మంచుపొర కింద నేల లోపల ఉండేటంత చలి. 40 నుంచి 45 డిగ్రీల ఫారెన్‌హీటులో దాని గుండె నెమ్మదిస్తుంది, ఆకలి వెయ్యదు, ఒంట్లోని నిలవ నెలల తరబడి వస్తుంది. ఆ చలిలో మనం బలవంతంగా తినిపిస్తే, ఆ తిండి అరగక కడుపులోనే కుళ్లే ప్రమాదం ఉన్నది.

కనుక బేస్‌మెంటులో సాలమాండరు కనిపిస్తే ముందు బయట వాతావరణం చూడాలి. పగలూ రాత్రీ గడ్డకట్టనంత చలే ఉండి, నేల ఇంకా మెత్తగా ఉంటే, ఆ సాయంత్రమే బయట వదిలెయ్యడం అన్నిటికంటే మంచిది. ఇంటి దగ్గరలోనే, చెట్ల కింద, ఆకులు మందంగా పడి ఉన్నచోట, పాత దుంగ పక్కన వదలాలి. లాన్ మధ్యలో కాదు, డ్రైవ్‌వే మీద కాదు. కిందికి దిగే దారి అదే వెతుక్కుంటుంది.

నేల గడ్డకట్టి, మంచు పడి ఉంటే మాత్రం బయట పారవెయ్యడం చంపడమే. అప్పుడు మీ రాష్ట్రపు వన్యప్రాణి శాఖకు గాని, లైసెన్సు ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు గాని ఫోను చెయ్యండి. చాలా రాష్ట్రాలలో అడవి జంతువును ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి కావాలి. కొన్ని రకాలకు ప్రత్యేక రక్షణ ఉన్నది. ఉదాహరణకు పులి సాలమాండరు న్యూ జెర్సీ, న్యూ యార్క్ రాష్ట్రాలలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో ఉంది. వాళ్లు తీసుకువెళతామంటే ఇచ్చెయ్యండి. నేల కరిగేదాకా మీ దగ్గరే ఉంచమంటే ఈ కింది విధంగా చెయ్యవచ్చును.

చెప్పుల పెట్టె అంత ప్లాస్టిక్ పెట్టె, మూత ఉన్నది, తీసుకోండి. ఇంతకుముందు పెంపుడు జంతువులకు వాడిన పెట్టె వద్దు. మూతకు సన్నని కన్నాలు పెట్టండి. పెరట్లో ఎరువులు, మందులు చల్లనిచోట నుంచి నాలుగు అంగుళాల మందాన మట్టి, కుళ్లిన ఆకులు వెయ్యండి. తడి ఎంత ఉండాలి అంటే, అరిసెలకు దంచిన పిండిలాగా. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. పైన ఒక చెట్టుబెరడు ముక్క. అంతే దాని ఇల్లు. చల్లడానికి కుళాయి నీళ్లు వద్దు. కుళాయి నీళ్లలోని క్లోరిను ఒకరోజు తెరిచి ఉంచితే పోతుంది గాని, చాలా ఊళ్లలో ఇప్పుడు కలుపుతున్న క్లోరమైను అట్లా పోదు. దుకాణంలో దొరికే స్ప్రింగ్ వాటరు గాని, శుభ్రమైన గిన్నెలో పట్టిన వాననీరు గాని వాడండి.

పెట్టెను గడ్డకట్టని చల్లని చోట ఉంచాలి. ఇంటిని ఆనుకొని ఉన్న గరాజు లోపలి గోడ పక్కనో, ఫర్నెసుకు దూరంగా ఉన్న బేస్‌మెంటు మూలనో ఒక థర్మామీటరు పెట్టి రెండు రోజులు చూస్తే తెలుస్తుంది. చలి 35 డిగ్రీలకు తగ్గకూడదు, 50 దాటకూడదు. వారానికి ఒకసారి మూత తీసి తడి చూడండి, గాలి ఆడనివ్వండి, వెంటనే మూసెయ్యండి. రోజూ తీసి చూడడం, అతిథులకు చూపించడం వద్దు. ఏ కారణం చేతనైనా గది వెచ్చగా ఉండి అది చురుగ్గా తిరుగుతూ ఉంటే మాత్రం వారానికి ఒకటి రెండు చిన్న వానపాములు వెయ్యవచ్చును.

ఇదంతా పుస్తకాల మాట కాదు, మా ఇంట్లోనే పోయిన శీతాకాలం జరిగింది. మేము ఉండేది న్యూ జెర్సీలో. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడదామని బేస్‌మెంటులో అట్టపెట్టెలు జరుపుతుంటే మూడు చుక్కల సాలమాండర్లు కనిపించాయి. ఒకటి ఫర్నెసు వెనక ఎండు ఆకులా ముడుచుకుపోయి ఉంది. అది ఎప్పుడో పోయింది. మిగతా రెండూ సంపు గుంట అంచున తడి సిమెంటును పట్టుకొని ఉన్నాయి. వాటిలో ఒకటి బాగా చిక్కిపోయి, తుంటి ఎముకలు పైకి తేలి ఉంది. బయట రెండు వారాలుగా నేల ఇనుములా ఉంది. వన్యప్రాణి శాఖకు ఫోను చేస్తే వివరాలన్నీ అడిగి, చల్లగా ఉంచి నేల కరగగానే దొరికినచోటి దగ్గరే వదలమన్నారు.

మా అమ్మగారు ఆ పెట్టె గరాజులోకి పోతుంటే ఒప్పుకోలేదు. "బక్కచిక్కి ఉన్నదాన్ని ఆ చలిలో పెడతావటరా? వంటింట్లో పొయ్యి పక్కన పెట్టు, రెండు రోజుల్లో తేరుకుంటుంది" అన్నారు. ఆవిడకు మాకు తెలిసిన భాషలో చెప్పాము: "అమ్మా, దాని దగ్గర ఉన్నవి నాలుగు గింజలు. వెచ్చగా ఉంటే రోజుకొక గింజ తింటుంది, చల్లగా ఉంటే నెలకొకటి. మార్చి దాకా రావాలి మరి." ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే కరువు కాలంలో పస్తు పడుకున్నట్టన్నమాట" అన్నారు. ఆ తరువాత గరాజు తలుపు ఎవరైనా తెరిచి వదిలేస్తే కోప్పడినది ఆవిడే.

మా పాపకు ఆరేళ్లు. మొదటి రోజే రెండింటికీ ఇడ్లి, సాంబారు అని పేర్లు పెట్టింది. చిక్కినది ఇడ్లి. తనకు ఎంతో కాలంగా కుక్కపిల్ల కావాలి, మేము ఇవ్వలేదు. ఇవి ఇంటికి నడిచి వచ్చిన పెంపుడు జంతువులని దాని లెక్క. ఫిబ్రవరిలో చలి బాగా ముదిరిన వారం మూత తీసి చూస్తే ఇడ్లి బెరడు కింద కదలకుండా పడి ఉంది. వేలు దగ్గరకు తీసుకువెళితే చాలాసేపటికి ఒక కాలు మెల్లగా వెనక్కి లాక్కుంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు. వెచ్చదనం ఇవ్వడం మా చేతిలో పని, ఇవ్వకుండా ఉండడమే కష్టమైంది. వైద్యంలోనూ ఇంతే. మందు వ్రాయడం తేలిక, మందు వద్దని చెప్పి రోగిని కనిపెట్టుకొని ఉండడం కష్టం.

మార్చి మూడవ వారంలో మొదటి వెచ్చని వాన పడింది. రాత్రి ఎనిమిది గంటలకు 46 డిగ్రీలు. పాప ముందు ఏడ్చింది. "వాటి అమ్మ ఇల్లు ఎక్కడో వాటికి తెలుసు, మనకు తెలియదు. మనం ఉంచుకుంటే అవి ఎప్పటికీ వెళ్లలేవు" అని నాయనమ్మ చెప్పిన మీదట తనే గొడుగు తెచ్చుకొంది. పెరటి చివర ఓక్ చెట్ల కింద ఆకులలో పెట్టాము. సాంబారు వెంటనే ఆకుల కిందికి పోయింది. ఇడ్లి తల ఎత్తి, వానలో పూర్తిగా తడిసేదాకా ఆగి, అప్పుడు కదిలింది.

"అమ్మ ఇల్లు" అని మా అమ్మగారు అన్నది కథ కోసం కాదు, శాస్త్రం కూడా అదే చెబుతుంది. వసంతకాలపు మొదటి వానల రాత్రులలో చుక్కల సాలమాండర్లు అడవిలో మంచు కరిగి నిలిచే చిన్న మడుగులకు గుడ్లు పెట్టడానికి పోతాయి. వేసవికి ఎండిపోయే మడుగులు అవి. అందుకే వాటిలో చేపలు ఉండవు, గుడ్లకు భయం ఉండదు. ఏటేటా అదే మడుగుకు పోతాయి. కాబట్టి "ఇక్కడెందుకు, మంచి పార్కులో వదిలేద్దాం" అని కారులో తీసుకుపోవడం దయ కాదు. మనం దేశం మారినా నిలదొక్కుకున్నాము. అది వీధి మారితే నిలదొక్కుకోవడం కష్టం. పైగా ఒక చోటి జబ్బును ఇంకొక చోటికి చేర్చిన వాళ్లమవుతాము. నెదర్లండ్సులో నిప్పు సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టిన ఒక బూజు జాతిని 2013లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. అది ఇక్కడికి రాకూడదని అమెరికా ప్రభుత్వం 2016లో 201 జాతుల సాలమాండర్లను అనుమతి లేకుండా దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది. అంగడిలో కొన్న సాలమాండరును పెరట్లో వదలడం గాని, అడవిదానితో కలిపి ఉంచడం గాని ఎన్నడూ చెయ్యకండి.

ఇక డాక్టరుగా చెప్పవలసిన నాలుగు మాటలు. సాలమాండరు కాటు వల్ల మనిషికి ప్రమాదం లేదు. చుక్కలదానిని గట్టిగా పట్టుకుంటే వీపు మీద, తోక మీద పాల వంటి ద్రవం వస్తుంది. అది కంట్లోకి, నోట్లోకి పోకూడదు. కప్పలు, సాలమాండర్ల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చును. అందుచేత అయిదేళ్లలోపు పిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, బాగా పెద్దవాళ్లు ముట్టుకోకుండా ఉండడం మంచిది. పట్టుకునేవారు ముందు చేతికి ఉన్న లోషను, సబ్బు, దోమల మందు పూర్తిగా కడిగి, స్ప్రింగ్ వాటరుతో చెయ్యి తడిపి, తోక పట్టుకోకుండా అరచేతిలోకి ఎక్కించుకోవాలి. మన చేతి మీద ఉన్నదేదైనా దాని చర్మం లోపలికి పీల్చుకుంటుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వచ్చాక కాపాడడం కంటే రాకుండా చూడడం సులభం. విండో వెల్స్ మీద హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ప్లాస్టిక్ మూతలు బిగించండి. అప్పటిదాకా ప్రతి గుంటలోనూ ఒక గరుకు చెక్కను వాలుగా నిలబెడితే పడినది ఎక్కి పోతుంది. సంపు గుంటకు మూత పెట్టండి, పునాది పగుళ్లు పూడ్చండి. ఎలకల కోసం పెట్టే జిగురు అట్టలు బేస్‌మెంటు నేల మీద పెట్టవద్దు. ఎలక కంటే ముందు అందులో చిక్కుకునేది ఇదే కావచ్చు. సాలమాండరుకు పురుగుల మందు కొట్టించనక్కర లేదు. అది కర్రను తినదు, బియ్యం ముట్టదు. తినేది పురుగులనే. పెరటి చివర ఒక బారెడు మేర ఆకులు ఊడ్చకుండా వదిలేస్తే దానికి వేరే ఇల్లు అక్కరలేదు.

ఇంత చిన్న ప్రాణికి ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చును. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో చేసిన ఒక పరిశోధన 1975లో వెలువడింది. ఆ అడవిలోని సాలమాండర్లన్నిటినీ తూకం వేస్తే, గూళ్లు కట్టే కాలంలో అక్కడ ఉండే పక్షులన్నిటి బరువుకు సుమారు రెండింతలని తేలింది. కంటికి కనిపించకపోయినా అడవిలో సగం సంసారం వీటిదే. మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్ ఊరిలో ఇవి రోడ్డు దాటడానికి 1987లో హెన్రీ స్ట్రీట్ కింద చిన్న సొరంగాలు తవ్వించారు. మన తెలుగువాళ్లు ఎందరో ఉన్న ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో బీక్‌మన్ రోడ్డును వసంతపు వానరాత్రులలో వీటి కోసం కార్లకు మూసేస్తారు. ఆ రాత్రి పిల్లలను తీసుకొని, టార్చిలైటు పట్టుకొని, అడుగు చూసి వేస్తూ వెళ్లి చూడండి. ఖర్చు లేని యాత్ర.

ఈ శనివారం పగటిపూట మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి విండో వెల్‌లోని ఆకులను చేత్తో మెల్లగా పక్కకు జరిపి చూడండి. నేల ఇంకా గడ్డకట్టలేదు. ఇప్పుడు బయటకు తీస్తే పెట్టె, థర్మామీటరు, ఫోను ఏదీ అక్కరలేదు. వచ్చే నెల మళ్లీ మనుషుల సంగతి: చలికాలంలో తగ్గే విటమిన్ డి గురించి వ్రాస్తాము.